ఆ గురువు బొమ్మను చింపడు

ఏడువందల పేజీల నవల. చివరి అధ్యాయం చదవగానే పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. అట్ట ఊడిపోయింది. పోనీ నాదా అంటే కాదు, కామారెడ్డిలో నేను పనిచేసే బడిలో లెక్కల సారు ప్రేమగా చదవమని ఇచ్చింది.

ఒక చిత్రకారుడు తన శిష్యుణ్ని చంపుతాడు. శిష్యుడి బొమ్మ తన బొమ్మకంటే బాగుండటమే కారణం. హంతకుణ్ని చివరిదాకా దాచానని రచయిత మురిసిపోయాడు గానీ, వందో పేజీలోనే నాకు దొరికిపోయాడు. శవం పక్కన కుంచెలు శుభ్రంగా కడిగి ఉన్నాయి మరి! అంతవరకు భేష్. చివర్లో మాత్రం ఆ గురువు శిష్యుడి బొమ్మను కత్తితో ముక్కలు చేస్తాడట. ఒట్టి అబద్ధం! నాకు ఒళ్లు మండిపోయింది.

మా బాపు ఎల్లారెడ్డిలో వినాయక విగ్రహాలు చేసేవాడు. ఆయన తర్వాత ఆ పని నాదే అనుకునేదాన్ని. విగ్రహానికి కళ్లు అన్నిటికంటే చివర పెట్టాలి. ఉపవాసముండి, తలస్నానం చేసి ఆయనే పెట్టాలి. ఆ ఏడు చవితి ముందురోజు వార్నిష్ కోసం కామారెడ్డి పోయిన బాపు మధ్యాహ్నమైనా రాలేదు. విగ్రహం తీసుకుపోవడానికి నిజాంసాగర్ వైపు నుంచి ట్రాక్టర్ వచ్చి వాకిట్లో ఒకటే హారన్. నాకప్పుడు పదహారేళ్లు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. తలస్నానం చేసి కళ్లు పెట్టేశాను.

బాపు వచ్చి వాటిని చాలాసేపు చూశాడు.

"ఎవలు పెట్టిండ్రు?"

"నేనే పెట్టిన బాపు."

"ఏ చేత్తోని?"

పిచ్చిదాన్ని, మెచ్చుకుంటాడనుకుని కుడిచెయ్యి చాపాను. దాన్ని పీట మీద అదిమిపట్టి చెక్కతో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ. వేళ్లు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నన్ను కన్న అవ్వ అడ్డమొస్తే ఆమె నుదురు పగిలింది. "పిల్ల సచ్చిపోతది, ఇడువు!" అని ఆమె మొత్తుకుంటే ట్రాక్టర్ వాళ్లు పరుగెత్తుకొచ్చి ఆయన్ని లాగారు. ఆయన వాళ్లను విదిలించుకుని, నేను వదిలేసిన కుంచె తీసుకుని కడిగాడు. రక్తమైన చేతులు ఆ తర్వాతే కడుక్కున్నాడు.

రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు. కుంచె మళ్లీ పట్టలేదు.

సోమవారం సారు అడిగాడు, "ఎట్లున్నది మేడం నవల?"

"అట్ట అంటించి ఇస్త సార్" అన్నాను.

ఆ రోజు తెల్లరంగు డబ్బా బాపు పక్కనే ఉంది. ఒక్క పూత పూస్తే నేను పెట్టిన కళ్లు పోయేవి. ట్రాక్టరాయన భయపడుతూనే అడిగాడు, "మళ్ల పెడతవా అన్న కండ్లు?"

బాపు విగ్రహం వైపు చూశాడు. "ముట్టకుర్రి. గవే ఉండనియ్యుండ్రి" అన్నాడు.

వేళ్లు విరిచినందుకు కాదు, ఆ కళ్లు బాగున్నాయని తెలిసీ విరిచినందుకు మా బాపును నేను క్షమించలేదు.