పోయే అక్షరానికి దండం

నేను బడి మొఖం చూడలేదు. చిన్నతనంల కాలు బాగలేకపోతే బాపే ఇంట్ల కూసోబెట్టి తెలుగు, ఇంగ్లీషు నేర్పిండు. ఆయన పుణ్యాన ఇయ్యాల సిద్దిపేటల, మా ఇంటి వరండాల, సాయంత్రం పూట పదిమంది పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పగలుగుతున్న. దేవుడిచ్చిన పని అది.

పాఠానికి ముందు పిల్లలతోటి పుస్తకం కండ్లకద్దిస్త. "అక్షరమంటే సదువులమ్మ. కాలు తగిలినా పాపమే" అని చెప్త.

పోయినేడు ఆ పిల్లలల్ల బీడీలు చేసే ఒకామె బిడ్డ ఉండె. ఆరో తరగతి. ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పింది. ఒకనాడు వాళ్లమ్మ బీడీల చాట చంకల పెట్టుకొనే వచ్చింది.

"అక్కా, ఈసారి గూడ పోయిందనుకో, ఇగ నీ దగ్గరికి పంప. నా పక్కన కూసొని బీడీలకు దారం కడుతది."

"గట్లనకు చెల్లె, పిల్ల తెలివిగలది."

"తెలివి నోట్లనే ఉన్నదక్కా, కాయితం మీదికి దిగుతలేదు."

ఆ మాట నిజమే. మాటకు ముందు 'అన్', 'రీ' చేరితే అసలు మాటల ఏ అక్షరమూ పోదని, 'మేక్' చివర 'ఇంగ్' చేరితే మాత్రం 'మేక్'ల ఆఖరి అక్షరం 'ఇ' పోతదని గడగడ అప్పజెప్పేది. రాయమంటే ముందు చేరేటివి ఒక్కటీ తప్పు పోయేది కాదు. వెనుక చేరేటివి వస్తే 'ఇ'ని అట్లనే ఉంచేది. పదిసార్లు రాపిచ్చిన, పదిసార్లూ అంతే. నాకే చెప్పరాదేమోనని భయమైంది.

పరీక్ష వారముందనంగ పక్కన కూసోబెట్టుకున్న. "రూలు ఎరికే గదనే, మరి 'ఇ' ఎందుకు తియ్యవు?"

పిల్ల తల వంచుకున్నది. "అక్షరం సదువులమ్మ అని నువ్వే చెప్పినవు గద పెద్దమ్మా. కొట్టేస్తే కండ్లు పోవా?"

నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చినయి. ఆ రెండుసార్లూ నా మాట నమ్మే తప్పిందన్నట్టు.

"బతుకమ్మను ఏం చేస్తమే?"

"పేరుస్తం, ఆడుతం, నీళ్లల్ల ఇడుస్తం."

"ఇడిస్తే కోపం చేస్తదా?"

"ఎందుకు చేస్తది? మొక్కే సాగనంపుతం గద."

"గిది గూడ గంతే బిడ్డా. మొక్కి సాగనంపు."

ఆ వారమంతా ఒక్కో 'ఇ'ని కొట్టేసే ముందు దాని మీద వేలు పెట్టి కండ్లకద్దుకున్నది. "ఇట్ల మొక్కుకుంట కూసుంటే బెల్లు కొడుతరు, పూజారమ్మా!" అని పక్కపిల్ల ఎక్కిరించింది. నాకూ అదే గుబులు. వద్దనడానికి మాత్రం నోరు రాలే.

పరీక్ష రాసి ఉరుక్కుంట వచ్చింది. "పెద్దమ్మా, కాయితం ఇయ్యంగనే అన్నిటికి కలిపి ఒక్కటే దండం పెట్టిన. టైం సరిపోయింది!"

మార్కులొచ్చిన దినం వాళ్లమ్మ వచ్చి, పాసైందని చెప్పింది. నేను దాచకుంట జరిగిందంత చెప్పిన. "తప్పు నాదే చెల్లె" అన్న.

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది. "నేను చెప్తె గిలాస కడగదక్కా. నీ మాటకు రెండు పరీక్షలు పోగొట్టుకున్నది! రేపటి సంది చిన్నదాన్ని గూడ పంపిస్త."