కొర్రలు పట్టుకుని రంగం పోయిన సువార్తమ్మ

సువార్తమ్మ ఓడెక్కింది జన్మలో ఒక్కసారే, పంతొమ్మిది వందల ఇరవై తొమ్మిదిలో. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. మొగుడు పోయి పదేళ్లు, పిల్లలు లేరు. గిద్దలూరుకు నాలుగు మైళ్ల అవతల మాదిగపల్లె ఆమెది. గుడిసె తప్ప సెంటు భూమి లేదు. మాలకొండయ్య అనే ఆసామి చేలో కలుపు, కోత, నూర్పిడి, ఏ పని చెబితే ఆ పని. కూలికి గింజలే కొలిచేవాళ్లు.

ఆ పల్లెలో ఏసు గుడికి పోయే ఆడవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. ఎసట్లో పోయబోయే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి పక్క ముంతలో వేయాలి. కొర్రలో, సజ్జలో, ఆ పూట ఉన్నవి. ఆదివారం ముంతలన్నీ గుడికి వచ్చేవి. రంగూన్‌కు కూలికి పోయి అక్కడే చచ్చిపోయిన తెలుగువాళ్ల బిడ్డలకు ఆ ఊళ్లో ఒక అనాథాశ్రమం ఉంది. ఈ గింజలు వాళ్ల కోసం. రంగూన్‌ను వీళ్లు రంగం అనేవాళ్లు. నిజానికి పాదిరి గిద్యోను అయ్యగారు వాటిని గిద్దలూరు దుకాణంలో అమ్మి ఆశ్రమానికి మనియార్డరు చేసేవాడు. ఆ సంగతి ఆయన దాచలేదు, వీళ్లూ అడగలేదు. మన కొర్రలే ఓడెక్కి పోతున్నాయని, అక్కడి పిల్లలు వాటినే వండుకు తింటున్నారని ఆడవాళ్లంతా అనుకున్నారు. వానల్లేక గంజి తాగిన ఏడు కూడా సువార్తమ్మ ముంత వట్టిగా రాలేదు. ఆమె చెల్లెలు రోశమ్మ, మరిది కూడా ఆ రంగానికే పోయారు మరి.

రంగంలో బియ్యం మిల్లులో పనిచేసే అదే పల్లె జీవానందం ఇరవై తొమ్మిదిలో సెలవుకు ఊరికొచ్చాడు.

"వదినా, రోశమ్మా వాళ్లాయనా పోయిన ఏడు కలరాకు పోయినారు. బిడ్డ బతికుండాది. ఏడేండ్లు, యేసుమణి అని పేరు. మీరు గింజలు పంపే ఆశ్రమంలోనే ఏసినారు."

సువార్తమ్మ రెండు రోజులు పనికి పోలేదు. మూడోనాడు తనకున్న రెండు మేకలూ అమ్మేసింది.

"తెచ్చుకుంటా," అంది.

"రంగమంటే ఏమనుకున్నావు, కంభం సంతా?"

"నా చెల్లెలి బిడ్డ. అడిగితే ఇయ్యరా ఏంది? ఇన్నేండ్లు పెడతానే ఉంటిమి గదా."

"ఇస్తారులే. నువ్వు చందాదారువి. కుర్చీ ఏసి మరీ ఇస్తారు."

వేళాకోళం ఆడినా జీవానందం ఆమెను వెంటబెట్టుకునే పోయాడు. పల్లె ఆడవాళ్లు పిల్లలకని సంచెడు కొర్రలు కట్టిచ్చారు. రైల్లో బెజవాడ, అక్కడి నుంచి కాకినాడ. ఓడ మీద నాలుగు రోజులు వాంతులు చేసుకుంటూ ఆ సంచి మీదే తల పెట్టుకుని పడుకుంది.

చందాదారులు ఆశ్రమాన్ని చూడ్డానికి వచ్చేది శనివారం. ఆ రోజే జీవానందం ఆమెను తీసుకుపోయాడు. గేటు దగ్గర కాపలావాడు కూలీలకు ఇటు కాదన్నాడు. గొడవ విని ఆశ్రమం పెద్ద సౌభాగ్యమ్మ బయటికి వచ్చింది, నెల్లూరు వైపు మనిషి. సంగతి విని చందాదారుల అచ్చు పుస్తకం తెప్పించి పేర్లు వెతికింది.

"గిద్దలూరు స్త్రీల సమాజం. మీరేనా? రండి, రండి."

నిజంగానే కుర్చీ వేశారు. ఒకవైపు తెల్లదొరసాని, ఇంకోవైపు పదివేళ్లకూ ఉంగరాలున్న షావుకారు. పిల్లలు వరసగా నిలబడి దాతలకు వందనాల పాట పాడారు. ఎవరో పిల్ల వచ్చి మెడలో దండ వేసింది. సువార్తమ్మ దండను చూడలేదు. రెండో వరసలో రోశమ్మ గడ్డమే ఉన్న పిల్ల మీద కళ్లు పెట్టుకుని కూర్చుంది.

పాటలయ్యాక ఆఫీసు గదిలో వచ్చిన పని చెప్పింది. సౌభాగ్యమ్మ యేసుమణిని పిలిపించింది.

"నేను మీ పెద్దమ్మను నాయనా," అని సువార్తమ్మ సంచి విప్పి చూపింది. "మీకోసం తెచ్చినా."

పిల్ల వంగి చూసింది. "ఇవి చిలకలకు వేసేవి గదా? మేం అన్నం తింటాం."

అందులో ఎగతాళి లేదు. రంగంలో కొర్రల్ని పిల్ల చూసింది అలాగే. సువార్తమ్మ మెల్లగా సంచి మూతి కట్టేసింది.

"బంధువుల చేతికి బిడ్డను ఇవ్వాలంటే సాకగలరని రుజువుండాలి," అంది సౌభాగ్యమ్మ. "పెద్దమ్మనని, పిన్నినని చెప్పి తీసుకుపోయి పిల్లల్ని అమ్ముకున్నవాళ్లున్నారు. అందుకే ఈ రూలు. మీకు భూమి ఉందా?"

జీవానందం వెనక నుంచి వీపు మీద పొడిచాడు.

"ఉంది. నాలుగెకరాలు."

"ఏం పండిస్తారు?"

ఇక సువార్తమ్మ ఆగలేదు. కొర్రలో కంది ఎన్ని సాళ్లకొకటి వేస్తారో చెప్పింది. తూర్పు గనిమ గట్టు పక్కన నీళ్లు నిలుస్తాయని, అక్కడ పైరు పచ్చబడుతుందని చెప్పింది. ఉత్తరం వైపు పలకరాయి తేలుతుందని, ఇరవై ఏళ్లుగా ఏరుతున్నా తరగలేదని చెప్పింది. సౌభాగ్యమ్మ రాసుకుంటూ పోయింది. నమ్మింది కూడా. ఆ చేను గురించి అంతకన్నా తెలిసినవాళ్లు లోకంలో లేరు.

"పట్టా ఎవరి పేరున ఉంది?"

జీవానందం ఏదో అనబోయాడు. సువార్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మాలకొండయ్య పేరున."

"ఆయన మీకేమవుతారు?"

"ఆసామి."

సౌభాగ్యమ్మ కలం కింద పెట్టింది. "మీరు ఉన్నవాళ్లనుకున్నామమ్మా. లేనప్పుడు మాకెందుకు పంపారు?"

"ఉండి పెట్టినామా తల్లీ? తినేదాంట్లో తీసి పెట్టినాం."

సౌభాగ్యమ్మ రాసిన కాగితం పక్కకు జరిపింది. గొంతు తగ్గించి అడిగింది. "రూలు పక్కన పెడదాం. బిడ్డను తీసుకుపోయి రెండు పూటలా అన్నం పెడతారా? బడికి పంపుతారా? మీరు ఊఁ అంటే నేను పెద్దలతో మాట్లాడతాను."

పల్లెలో వరన్నం వండేది క్రిస్మసుకే. ఏడేళ్ల పిల్లలంతా ఆసామి గొడ్ల వెంట పోవాల్సిందే. అసలు ఆ ప్రశ్న వేయాల్సింది సువార్తమ్మను కాదు. ఇరవై ఏళ్లు ఆమె రాళ్లు ఏరిన చేను మీద తినేవాణ్ణి అడగాలి. వాన పడని ఏడు వాడికి శిస్తు తగ్గించి, ఆమెకు దోసెడు గింజలు కూడా ఇవ్వని సర్కారును అడగాలి. వాళ్లను పిలిపించి కుర్చీ వేసి అడిగే ఆఫీసు అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. ఎదురుగా ఉంది సువార్తమ్మ ఒక్కతే, ఆమె ఊఁ అనలేకపోయింది.

పిల్ల వైపు తిరిగింది. "నాతో వస్తావా నాయనా?"

యేసుమణి సౌభాగ్యమ్మను చూసి, మళ్లీ ఈమెను చూసింది. "వస్తా. మళ్లీ ఇక్కడికి ఎప్పుడు తీసుకొస్తారు?"

సౌభాగ్యమ్మ ముందు పెట్టిన కాగితం మీద సువార్తమ్మ వేలిముద్ర వేసింది. బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా అడగనని ఆ కాగితంలో ఉంది. వేయకపోతే బంధువుగా పేరు కూడా రాసుకోరట, జాబులు కూడా రావట. బొటనవేలికి అంటిన సిరా తుడుచుకోమని యేసుమణే గుడ్డపీలిక తెచ్చిచ్చింది. ఆ పిల్ల వేళ్లను సువార్తమ్మ కాసేపు పట్టుకుని వదిలేసింది.

తిరుగు ఓడ శుక్రవారం. శనివారం తప్ప లోపలికి రానివ్వరు. అయినా సోమవారం నుంచి రోజూ పొద్దున్నే పోయి గోడ బయట రోడ్డు మీద నిలబడేది. లోపల నలభై మంది పిల్లలు ఒక్కపెట్టున ఎక్కాలు చదివేవాళ్లు. ఆ గొంతుల్లో రోశమ్మ బిడ్డది ఏదో పోల్చుకుందామని చెవి పెట్టి వినేది. పాఠం ముగిసి గంట కొట్టేదాకా నిలబడేది. నాలుగు రోజులూ పోల్చుకోలేకపోయింది.