గొట్టం పాలతో బతికిన కుక్కపిల్ల

పోయిన నెల నాగర్‌కర్నూల్లో మా కోడలు పెంచుకుంటున్న పిల్లికి టీకా వేయించడానికి పశువుల దవాఖానకు వెళ్ళినప్పుడు, పక్క కుర్చీలో ఒక కాలేజీ అమ్మాయి తువ్వాలులో చుట్టిన కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. రోడ్డు పక్కన దొరికిందట, పాలు పడితే ముక్కులోంచి కారిపోతున్నాయట. ఫోనులో ఫొటో తీసి పంపిస్తే, అంగిలి చీలి పుట్టిందనీ, కొన్నాళ్ళు గొట్టంతో పాలు పోసి పెంచితే ఆపరేషన్ చేయవచ్చనీ గంటలోపే డాక్టరు చెప్పాడట. ఆ అమ్మాయి ఎంత మామూలుగా చెప్పిందంటే, నేను సరిగానే విన్నానా అని అనుమానం వచ్చింది. చీలిన అంగిలిని కుట్టవచ్చన్న కబురు మా తరం వాళ్ళకు అంత సులువుగా అందలేదు.

గోపాల్‌పేట పశువుల దవాఖానలో కాంపౌండరుగా నాకు మొదటి ఉద్యోగం వచ్చిన రోజులవి. తన రెండు గదుల ఇంట్లో ఒక గది నాకు అద్దెకిచ్చిన ఆమెను పెద్దమ్మ అని పిలిచేవాణ్ణి. వయసులో ఉన్నంతకాలం భర్త వెంట కాలువలూ కట్టలూ తవ్వే పనులకు ఎక్కడెక్కడికో వలస తిరిగి, ఆయన పోయాక సొంత ఊరు చేరి, పల్లికాయ చేలల్లో కూలికి పోతూ ఒంటరిగా ఉండేది. మాట తక్కువ మనిషి. రెండేళ్ళు ఆ ఇంట్లో ఉండి కూడా ఆమెకు పిల్లలున్నారో లేరో నేను అడగలేదంటే, అడిగే చనువు ఆమె ఇవ్వలేదనే చెప్పాలి.

ఒక మధ్యాహ్నం ఆమె కొంగులో ఒక కుక్కపిల్లను మూటగట్టుకుని దవాఖానకు వచ్చింది. చేని గట్టున తల్లి ఈని, మిగతావాటికి పాలిస్తూ దీన్ని మాత్రం పక్కకు నెట్టేసిందట. మా డాక్టరు గారు మంచివారే గానీ, ఆ రోజుల్లో మా దవాఖానకు వచ్చేవి బర్రెలూ ఎద్దులూ గొర్రెలే. వీధికుక్కకు వైద్యమనే ఆలోచనే మాకెవరికీ ఉండేది కాదు. ఆయన దాని నోరు తెరిచి, అంగిలి మధ్యన ఉన్న చీలికను నాకు చూపించి, ఇది ఆకలితో అలమటించి చావడం కంటే సూది వేసి నిద్రపుచ్చడమే పుణ్యమన్నారు. నేను సిరంజిలోకి మందు ఎక్కించుకుని, పిల్లను తీసుకుని వెనక వసారాలోకి నడిచాను. పెద్దమ్మ నా వెనకే వచ్చి పిల్ల మీద అరచెయ్యి కప్పింది.

"జర ఆగు సారూ. నాకు గిట్లనే ఒకడు పుట్టిండు, పని కాడ, గుడిసెల. పాలు తాపితే ముక్కులకెల్లి వస్తుండె. పదిహేను దినాలు బతికిండు. నా పాపమే గట్ల పుట్టిచ్చిందన్నరు అందరు. వాని నోట్లె ఏమున్నదో సూసినోళ్ళు లేరు."

డాక్టరు గారు అప్పటికే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆమె ఆయన వైపు తిరిగి, గొంతు ఏమాత్రం పెంచకుండా అడిగింది.

"ఆపరేషన్ జేస్తే బతుకుతుండెనా సారూ, నా కొడుకు?"

కావాలంటే ఆయన అబద్ధం చెప్పగలిగేవారు. చెప్పలేదు. "బతికేటోడే అమ్మా" అన్నారు. నా చేతిలోని సిరంజి తీసుకుని మందు మట్టిలో పారబోశారు.

ఆ సాయంత్రమే సన్నటి రబ్బరు గొట్టం ఒకటి ముక్క కోసి, నోటి నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి గుర్తు పెట్టడం, అంతవరకే మెల్లగా దించడం, ఊపిరితిత్తుల్లోకి పోలేదని చూసుకున్నాకే పాలు వదలడం ఆయన మాకు నేర్పారు. మొదటి వారం నేనే పోశాను. తర్వాత పల్లెల్లో గాలికుంటు టీకాలకు తిరగవలసి వచ్చి, ఆ పని పెద్దమ్మ అందుకుంది. జీవితమంతా పార పట్టి కాయలు కాసిన ఆ చేతులు నా చేతులకంటే నిలకడగా ఉండేవి. ఒకసారి పాలు దారి తప్పి పిల్లకు రొమ్ము పట్టేసింది. మూడు రోజులు సూదులు వేశాను, ఆ మూడు రోజులూ ఆమె కూలికి పోలేదు. ఊళ్ళో వాళ్ళు నవ్వారు, కుక్కకు పాలిచ్చి పెంచే దాయా దొరికిందన్నారు. ఆమె పట్టించుకోలేదు.

నాలుగు నెలలు నిండాక, మా డాక్టరు గారితో కలిసి చదువుకున్న ఒక సర్జన్ గద్వాలలో ఉన్నారని ఉత్తరం రాయించుకుని, పిల్లను గంపలో పెట్టుకుని నేనూ పెద్దమ్మా బయలుదేరాం. వనపర్తిలో బస్సు ఎక్కుతుంటే గంపలోంచి కుయ్యిమన్న చప్పుడు విని కండక్టరు దిగమన్నాడు. నోరు చీలి పుట్టింది, కుట్టించనీకి తీస్కపోతున్నం అని పెద్దమ్మ చెప్పింది. అతను గుడ్డ తొలగించి చూసి, వెనక సీటు చూపించాడు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతున్నంతసేపూ ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

ఆపరేషనప్పుడు నేను టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను. మధ్యలో ఒకసారి పిల్ల ఊపిరి ఆగింది. గద్వాల డాక్టరు గారు చేతిలోని సూది పక్కన పెట్టి దాని రొమ్ము నొక్కుతూ ఉంటే నేను టార్చి వెలుగు అటు తిప్పాను. కాసేపటికి మళ్ళీ ఊపిరి అందుకుంది. కుట్లలో ఒకటి వారానికే విడిపోయి, ఇంకో నెలకు రెండోసారి పోవలసి వచ్చింది. అప్పుడు గానీ అంగిలి పూర్తిగా మూసుకోలేదు.

కుట్లు మానాక మొదటిసారి గిన్నెలో పాలు పెట్టిన పొద్దు నాకింకా కళ్ళ ముందే ఉంది. అది గబగబా నాకేస్తుంటే పెద్దమ్మ గిన్నె వైపు చూడలేదు, దాని ముక్కు వైపే చూస్తూ కూర్చుంది. ఒక్క చుక్కా రాలేదు. గిన్నె ఖాళీ అయ్యాక, పొడిగానే ఉన్న ఆ ముక్కును కొంగుతో తుడిచింది.

తర్వాత నాకు బిజినేపల్లికి బదిలీ అయింది. ఆ కుక్క చాలా ఏళ్ళు ఆమె వెంట చేలకు పోయి వచ్చేదని తెలిసినవాళ్ళు చెబుతుండేవారు. ఇప్పుడు పల్లెలో బిడ్డ పుడితే నర్సు ఆ పసినోరు తెరిచి చూస్తుంది, తేడా ఉంటే ఎక్కడికి పోవాలో ఆ రోజే తల్లికి చెబుతుంది. మారినవాటిలో నేను మనసారా సంతోషించేది ఇదొక్కటి. అయినా ఆ సంతోషం నాకు ఎప్పుడూ పూర్తిగా నిండదు. తన బిడ్డ చావు తన పాపం కాదన్న ఒక్క మాట పెద్దమ్మను చేరడానికి ఇరవై ఏళ్ళ పైన పట్టింది. అదీ మనుషుల దవాఖానలో కాదు, గొడ్ల దవాఖానలో, ఒక కుక్కపిల్లను కొంగున కట్టుకుని వస్తే.