రొట్టె తట్టి చూసిన ఎత్తు

పోయిన నెల ఒక పొద్దున మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, అత్తయ్య పోయారు" అంది. నిద్రలోనే పోయిందట. వాళ్ల వంటింట్లో కొత్త గట్టుకి రాయి రావాల్సిన రోజు అది. రాయి తెచ్చిన లారీ మౌలాలి గుట్ట కింది సందులోకి తిరిగేసరికి వాకిట్లో టెంటు వేసి ఉంది. డ్రైవరు చూసి, బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. అందరూ ఏడుస్తున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఇన్నేళ్లు ఓపిక పట్టిన మనిషి ఇంకో వారం ఆగకూడదా?

ఆవిడ నా వియ్యపురాలు. మేం కోస్తా నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడినవాళ్లం, వాళ్లు తరతరాలుగా ఇక్కడివాళ్లు. నా పప్పులో కారం లేదని ఆవిడ, ఆవిడ పులుసులో కారం తప్ప ఏమీ లేదని నేను. మాటలు కలవడానికి కొంతకాలం పట్టింది గానీ, ఆ వంటింటిని చూసిన రోజే నేను ఆవిడ పక్షం చేరిపోయాను.

ఆ ఇల్లు కట్టించింది ఆవిడ మామగారు. ఆజానుబాహువు. గట్టు ఎంత ఎత్తు పెట్టమంటారని మేస్త్రీ అడిగితే తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడట. ఆ మహానుభావుడు జన్మలో పొయ్యి వెలిగించి ఎరగడు. కోడలు చూస్తే ఆయన భుజం దాకా కూడా రాదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆవిడ ఒక చెక్కపీట ఎక్కి వండింది. ఉప్పు కావాలంటే దిగాలి, వెయ్యాలంటే ఎక్కాలి. నిండు నెలల్లోనూ అంతే. ఈ గట్టు పగలగొట్టించరాదా అని నేనడిగితే, "ఇల్లు కట్టినోళ్లకు తెల్వదా వదినా" అని నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఇంకా మండింది.

జొన్న రొట్టెకి ఆ పీట కూడా పనికొచ్చేది కాదు. చేసి ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. జొన్న రొట్టెని కర్రతో ఒత్తరు, అరచేత్తో తట్టి తిప్పుతూ పెద్దది చేస్తారు. భుజం బరువు పైనుంచి పడాలి. అందుకని రొట్టెల పూట ఆవిడ నేల మీద కూర్చునేది. మోకాళ్లు మొరాయించాక అదీ పోయింది. కొడుకు బజారు నుంచి రొట్టెలు తెస్తే, "గిది రొట్టెనా, అట్టముక్కనా" అని పక్కన పెట్టేది.

అందుకే మా అల్లుడు వంటింటిని కొత్తగా చేయిద్దామన్నప్పుడు ఆవిడ కోరింది ఒక్కటే. నిలబడి రొట్టె తట్టుకునే గట్టు.

సికింద్రాబాద్‌లో పెద్ద షోరూంకి వెళ్లాం. "నువ్వు జెర గట్టిగ మాట్లాడుతవు, రా వదినా" అని నన్నూ వెంటబెట్టుకుంది. సంచిలో ఇంట్లో వంటకి వాడే పెద్ద గంజు గిన్నె ఒకటి, సీసాలో పసుపు వేసిన చింతపులుసు. కనబడిన ప్రతి కుళాయి కిందా ఆ గంజు పెట్టి చూసింది. అల్లుడు మోజుపడిన బంగారు రంగు కుళాయి కింద అది దూరలేదు. తెల్ల రాయి ముక్క మీద పులుసు చుక్క వేసి, మిగతావి చూసొచ్చి తుడిస్తే, పసుపు మచ్చ అక్కడే ఉంది. ఎక్కువ వంట చేయనివాళ్లకి ఈ రాయి బాగుంటుందని చెప్పింది అక్కడి డిజైనరు అమ్మాయి. అలాంటివాళ్లకి రాయి మాత్రం ఎందుకన్నాను. నల్ల గ్రానైట్ ఖాయం చేశాం. పైకి లేచే అల్మారా తలుపులు చూపిస్తే మా వియ్యపురాలు, తెరిచేది నేనైతే మూయనీకె ఎవరిని పిలవాలె అంది. వాటి బదులు కింద సొరుగులు రాయించుకుంది.

అంతా సాఫీగా సాగుతోందనుకున్నాను. అప్పుడు డిజైనరు, "సర్, మీరొకసారి ఇక్కడ నిలబడండి, హైట్ చూద్దాం" అంది. మా అల్లుడు వెళ్లి నిలబడ్డాడు. నిలబడి, అచ్చం తాతగారిలా, నడుం దగ్గర చెయ్యి పెట్టాడు. అల్లుడు చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టి హాయిగా ఉండేదాన్ని. నేను నోరు తెరిచేలోపే, ఏనాడూ గొంతు పెంచని మా వియ్యపురాలు షోరూం అంతా వినబడేలా అంది: "వంట చేసేటోళ్లను నిలబెట్టుర్రి."

టేపు కొలతల మీద ఆవిడకి నమ్మకం లేదు. పాత గట్టు కొట్టేశాక, మేస్త్రీ చేత అటూ ఇటూ ఇటుకలు పేర్పించి, పైన మందపాటి చెక్క వేయించింది. పిండి కలిపి రొట్టె తట్టింది. ఎత్తుందని ఒక వరస తీయించింది. మళ్లీ తట్టింది. ఇంకో వరస తీయించింది. "గిప్పుడు భుజం నా మాట వింటుంది" అంది. ఆ రొట్టెని వరండాలో పొయ్యి మీద కాల్చి, మెట్ల మీద కూర్చుని ఇద్దరం వెల్లుల్లి కారంతో తిన్నాం. నీ కోసం కారం తగ్గించిన అంది. అబద్ధం. నా ముక్కూ కళ్లూ ఏకధారగా కారుతుంటే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రాయి వచ్చేదాకా రోజూ ఆ చెక్క మీదే రొట్టెలు చేసింది.

రాయి వచ్చింది, ఆవిడ లేదు.

పరామర్శకి వచ్చినవాళ్లు, అదృష్టవంతురాలు, ఎవరి చేతా చేయించుకోకుండా పోయిందన్నారు. చేస్తామని ఎవరు ముందుకొచ్చారు గనక అని అడిగాను. నాకు కాఫీ అందించే నెపంతో మా అమ్మాయి నన్ను లోపలికి తీసుకుపోయింది.

దినాలు అయ్యాక వంటింటి పని మళ్లీ మొదలైంది. నేను వెళ్లేసరికి డిజైనరు చెబుతోంది, అమ్మ లేరు కాబట్టి స్టాండర్డ్ హైట్‌కి వెళ్లిపోదామని, రేపు ఇల్లు అమ్మినా ఇబ్బంది ఉండదని. అల్లుడు ఆ చెక్క ముందు నిలబడి ఉన్నాడు. చెయ్యి నడుం మీద.

"బాబూ, మీ అమ్మ ఫోటోకి ఇంకా మేకు కూడా కొట్టలేదు. అప్పుడే ఆవిడ ఎత్తు తీసేస్తున్నారా?" అన్నాను. తర్వాత అన్నవి ఇక్కడ రాయను. ఒక్క వేలు మందం కూడా పెరగడానికి వీల్లేదని తేల్చి చెప్పాను. ఆయన తల దించుకుని నిలబడ్డాడు.

మా అమ్మాయి పిండి గిన్నెతో వచ్చింది. వాళ్ల నాన్న పోలిక, పొడగరి, మాట తక్కువ. మొగుణ్ని పక్కకి జరగమని, ఆ చెక్క మీద రొట్టె తట్టడం మొదలుపెట్టింది. నడుం విల్లులా వంగిపోయింది. రొట్టె అంచులు విరిగిపోయాయి. నిటారుగా నిలబడి, వీపు మీద చెయ్యి వేసుకుని నావైపు చూసింది.

"అమ్మా, ఇక మీదట ఇక్కడ వండేది నేను. అత్తయ్య ఎవర్ని నిలబెట్టమన్నారు?"

వాదించడం మాని, విరిగిన రొట్టె ముక్కలు ఏరడం మొదలుపెట్టాను. నన్ను ఎరిగినవాళ్లు ఇది నమ్మరు. ఆవిడ మాట నిలబెట్టాలంటే ఆవిడ ఎత్తు వదిలేయాలి. దీనికి ఎవరితో పోట్లాడను? పోట్లాడాల్సిన మనిషి రొట్టెలు తినిపించి చక్కా పోయింది.

టేపు తీయబోయిన డిజైనర్ని మా అమ్మాయి ఆగమంది. మేస్త్రీ చేత అటొక వరస, ఇటొక వరస ఇటుకలు పెంచి, మళ్లీ తట్టింది. ఈసారి విరగలేదు. గుండ్రంగా మాత్రం రాలేదు. కాల్చి తెచ్చి, అత్తయ్య చూస్తే అట్టముక్క అంటారంటూ నాకో ముక్క పెట్టింది. నిజంగానే అట్టముక్క. మొత్తం తిన్నాను.

అందరూ వరండాలోకి వెళ్లాక నేను అక్కడే ఉండిపోయాను. కింది ఇటుకలు ఆవిడ రోజూ రాల్చిన పిండితో తెల్లబారి ఉన్నాయి. పై వరస కొత్తది, ఎర్రగా ఉంది. దాని అంచున కాస్తంత జొన్నపిండి, అప్పుడే రాలింది.