సాలెగూడు కోసం కాపలా

మా బావ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే నేను రాయబోయేది చదివితే ఎవరికైనా ఆయన్ని పట్టుకుని నాలుగు దులపాలనిపిస్తుంది. నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పంతొమ్మిది వందల నలభైల చివర్లో నేను నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో లాబొరేటరీ పని చేసేదాన్ని. లాబొరేటరీ అంటే ఏదో పెద్దదని ఊహించుకోకండి. వరండా చివర చిన్న గది, ఒక మైక్రోస్కోపు, ఒక స్పిరిట్ దీపం. తలుపుకు గడియ ఉండేది గానీ తాళం లేదు. తాళం ఇప్పించండి మహాప్రభో అంటే, నీ మూత్రం సీసాలు ఎవరెత్తుకుపోతారమ్మా అని నవ్వి ఊరుకున్నారు.

అక్కను బావ నకరికల్లు పక్కనున్న వాళ్ళ పల్లె నుంచి బండిలో పడుకోబెట్టి తీసుకొచ్చాడు. కొన్నాళ్ళుగా జ్వరం, పగిలిపోయే తలనొప్పి, ఏం తిన్నా వాంతి. వేడి చేసిందని అన్నాళ్ళూ మజ్జిగ తాగించారట! డాక్టరుగారు అక్క తల కింద చెయ్యి పెట్టి లేపబోతే మెడ వంగలేదు, మనిషి మొత్తం లేచింది. ఆయన మరో మాట మాట్లాడకుండా సూది తెమ్మన్నారు. వెన్నుపూసల మధ్య నుంచి నీరు తీసి పరీక్ష చేస్తే తప్ప ఏ జబ్బో తెలియదు. మెదడు చుట్టూ, వెన్ను లోపలా ఉండే నీరది.

నేను అక్కను పక్కకు తిప్పి, మోకాళ్ళు పొట్టకు ఆనించి పట్టుకున్నాను. చుక్కా చుక్కా గాజు ట్యూబులోకి దిగింది. బావ తొంగి చూసి, తేటగా ఉందే అని ఒకటే సంబరపడ్డాడు. ఆయన్నేం అనగలం? చెరువు నీళ్ళు తెచ్చుకుని, కుండలో చిల్లగింజ అరగదీసి, మడ్డి కిందికి దిగాక పైపంచె మడతలు వేసి వడగట్టుకుని తాగే ఊళ్ళు మావి. తేట నీరు అంటే మాకు మంచి నీరు. వెంటనే వరండాలోకి పోయి, మా ఆవిడకు భయం లేదంట అని పక్క మంచాల వాళ్ళకు కూడా చెప్పి వచ్చాడు.

నా గుండెల్లో మాత్రం రాయి పడింది. ఆ నీరు కలకగా, చీములా వచ్చి ఉంటే నేను దేవుడికి దణ్ణం పెట్టేదాన్ని. ఆ రకం మెదడువాపుకు అప్పటికే మాత్రలున్నాయి, బతికినవాళ్ళను నేనే చూశాను. ఇంత జబ్బు మీద ఇంత తేటగా వచ్చిందంటే చాలావరకు క్షయ. కణాలు లెక్కపెట్టాను, ఉండాల్సినదానికి ఎన్నో రెట్లున్నాయి. ఆ నీటిలో చక్కెర తగ్గింది. అన్నీ అటే వేలు చూపిస్తున్నాయి.

క్షయకు మద్రాసులో కొత్త ఇంజెక్షను వచ్చిందని అప్పుడప్పుడే వింటున్నాం. అది దొరికేది కొంచెమే. అనుమానం మీద ఇవ్వరు, క్రిమి కంటికి కనబడిందని డాక్టరు తంతి కొడితేనే రోగిని తీసుకురమ్మంటారు. ఆ క్రిమి ఊరికే కనబడదు. ట్యూబును కదపకుండా రాత్రంతా నిలబెట్టి ఉంచితే, తేట నీటి మధ్యలో సాలెగూడు లాంటి సన్నటి తెర కడుతుంది. క్రిములు అందులో చిక్కుకుని ఉంటాయి. ఆ తెరను పదిలంగా గాజు పలక మీదికి తీసి, రంగు వేసి వెతకాలి. అక్క ప్రాణం ఆ తెర మీద ఆధారపడి ఉంది.

ట్యూబుకు దూది బిరడా పెట్టి, అరలో నిలబెట్టాను. వార్డు వాళ్ళకు చెప్పాను, ఊడ్చే ఆమెకు చెప్పాను, బావకైతే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, దాన్ని ముట్టుకోవద్దని.

తెల్లవారి నేను వచ్చేసరికి బావ ఆ గదిలోనే నిలబడి ఉన్నాడు. చేతిలో మందు తాగే చిన్న గాజు గ్లాసు, భుజం మీద తడిసిన పైపంచె కొస.

"ముట్టుకోవద్దన్నావు గానీ అమ్మాయ్, రాత్రి ఏందో నలక పడింది అందులో. బూజు లాగుంది. శుభ్రంగా వడగట్టా. గ్లాసు కూడా వేణ్ణీళ్ళతో కడిగే పోశాలే."

పైపంచె లాక్కుని కిటికీ దగ్గర దారం దారం వెతికాను. ఏముంటుంది? అంత సన్నటి తెర ఆ నేతలో కలిసిపోయింది. గ్లాసులో నీటిని మైక్రోస్కోపు కింద చూస్తూ కూర్చుంటే మధ్యాహ్నమయింది గానీ ఒక్క క్రిమి కనబడలేదు. ఒళ్ళు మండిపోయి ఆయన మీద ఎంత అరిచానో! ఆయన నొచ్చుకున్నాడు, మంచికి పోతే ఇదేంది అన్నట్టు చూశాడు.

ఇంకోసారి నీరు తియ్యాలని డాక్టరుగారు అన్నారు. బావ కుదరదన్నాడు. ఒకసారి తోడిందే చాలు, వెన్నులో నీళ్ళు అన్నిసార్లు తోడితే మనిషి ఏమైపోతుంది, తన తల్లిని అడక్కుండా తాను ఒప్పుకోడట. అడిగి వస్తానని బొగ్గుతో నడిచే బస్సెక్కి పల్లెకు పోయాడు. భర్త ఒప్పుకోనిదే సూది పట్టనని డాక్టరుగారు. ఇద్దరి మధ్యా నా తల ప్రాణం తోకకొచ్చింది. అక్కకు అప్పటికి తెలివి ఉంది.

"తియ్యమనవే డాక్టరుగార్ని," అంది నా చెయ్యి పట్టుకుని. "నొప్పి నాది. మా అత్తది కాదుగా."

ఆ మాట డాక్టరుగారికి చెప్పాను. విన్నారు, తల ఊపారు, రేపు చూద్దామన్నారు. ఆ బస్సేమో దారిలో ఆగిపోయిందట. మర్నాటికి అక్క నన్ను గుర్తు పట్టలేదు. అప్పుడు పట్టారు సూది, బావ రాకుండానే.

ఈసారి ఆ గదిలోనే, గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకున్నాను. పొద్దున్నే తెర కట్టి ఉంది. తీశాను, రంగు వేశాను, మైక్రోస్కోపు అద్దాన్ని ఎండవైపు తిప్పి వెతికాను. నీలి రంగు మధ్యలో ఎర్రగా, సన్నగా, ఒకదాని పక్కన ఒకటి. దొరికాయి! అని గట్టిగా అరిచేశాను. సొంత అక్కను తింటున్న క్రిములను చూసి సంతోషంతో ఏడ్చాను. డాక్టరుగారు వెంటనే తంతి కొట్టించారు. తీసుకురండని మద్రాసు నుంచి మర్నాడు జవాబు వచ్చింది. అది రాకముందే, ఆ తెల్లవారుజామునే అక్క పోయింది.

సమాధి చేసి వచ్చాక బావ నా పక్కన కూర్చున్నాడు. మెల్లగా, కోపమేమీ లేకుండా అన్నాడు.

"రెండోసారి తీసినప్పుడు నేను లేకపోతిని. ఆ నలక నీళ్ళు అట్టాగే పరీక్షకు పెట్టావంట గదా అమ్మాయ్. నేనుంటే వడగట్టి ఇచ్చేవాణ్ణి. మొదటిసారి శుభ్రంగా ఇచ్చినప్పుడు ఏ జబ్బూ లేదనే గదా వచ్చింది."

ఆ నలకే మాకు కావలసిందని చెప్పడానికి నోటి దాకా వచ్చింది. ఆయన ఆ పైపంచె కొసతోనే కళ్ళు తుడుచుకున్నాడు. వడగట్టి ఇచ్చేవాణ్ణన్న మాట ఆయన ఇప్పటికీ చుట్టాలందరితో అంటాడు, నేను ఎదురుగా ఉన్నా అంటాడు. ఆయన పోయేదాకా నేను చెప్పను, ఈ కాగితాలూ ఎవరికీ చూపించను.