మామయ్య తూకం, అత్తమ్మ మంచు

మొన్న పక్కింటావిడ మా పెద్ద సూట్‌కేసు అడగడానికి వచ్చింది. యూరప్ పోతున్నారట. ఏమేం సర్దుకోవాలో, ఖర్చు ఎట్లా అదుపులో పెట్టుకోవాలో చెప్పమని కుర్చీ లాక్కుని కూర్చుంది. పోతిరెడ్డిపల్లిలో మా వీధి నుంచి యూరప్ చూసొచ్చింది మేమే కాబట్టి, నేనూ పెద్దరికంగా గొంతు సవరించుకున్నాను. ఇంతలో వరండాలోంచి మా మామయ్య, "ముందుగాల ఖాళీ పెట్టె తూకమెయ్యమను బిడ్డా" అన్నారు. నాకు నవ్వాగలేదు. ఆ ఒక్క ముక్క నేర్చుకోవడానికి మేం పడ్డ పరేషాన్ ఆవిడకేం తెలుసు.

మామయ్యకు సంగారెడ్డిలో పప్పుల దుకాణం. రైతు కందుల బస్తా కాంటా మీద పెడితే, సంచి బరువు మనసులోనే తీసేసి సరుకు బరువు మాత్రమే పలుకుతారు. నలభై ఏళ్ల అలవాటు. ఆయన తూకానికి వంక పెట్టిన మనిషి బజారులో లేడు. అందుకే కొన్నేళ్ల కింద మామయ్య, అత్తమ్మ, మా ఆయన, నేను నలుగురం బయల్దేరేటప్పుడు, పెట్టెకు ఇరవై మూడు కిలోలే అనగానే అన్నిటినీ దుకాణానికి తెప్పించి తానే తూచి, ఒక్కోటీ సరిగ్గా ఇరవై మూడు అన్నారు. బియ్యం, జొన్నపిండి, మామిడికాయ తొక్కు, సకినాలు, చిన్న కుక్కరు, వీటి మధ్య ఎక్కడో మా బట్టలు. మా ఆయనది పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ ఉద్యోగం. ఆయన బడ్జెట్ అంతా కవర్లలో ఉండేది: తిండికొకటి, బస్సులకొకటి. అత్తమ్మ మాత్రం ఒక్కటే కోరింది, మంచును చేత్తో ముట్టుకోవాలని. మంచుకొండ మీదికి తీసుకెళ్లే రైలు టికెట్టు బాగా ఖరీదు. మా ఆయన దానికి వేరే కవరు పెట్టి, ఏం జరిగినా దాని జోలికి పోవద్దని అందరికీ చెప్పారు.

ఎయిర్‌పోర్టులో మొదటి పెట్టె ఇరవై ఏడున్నర తూగింది. "మిషన్ ఖరాబుంది" అన్నారు మామయ్య ధీమాగా. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అప్పుడు నాకు వెలిగింది.

"మామయ్యా, పెట్టె బరువు తీసేసి చెప్పిన్రా ఏంది?"

"తియ్యమా మరి? సంచిని సరుకుల కలుపుతరా ఎవలన్న?" అన్నారాయన. అన్నాక ఆయనకే సంగతి అర్థమై, కాంటా వైపు చూస్తూ నిలబడిపోయారు.

అదనపు బరువుకు కౌంటర్లో అమ్మాయి చెప్పిన మొత్తం కడితే కొండ కవరు ఖాళీ. మా ఆయన జేబులోంచి దాన్ని తీసి, మళ్లీ లోపల పెట్టి, మళ్లీ తీశారు. అత్తమ్మే అంది, "ఇచ్చెయ్ బిడ్డా. మంచు టీవీల సూసిన గద, సాలు." ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. మామయ్య పంచె సర్దుకుని కింద కూర్చుని పెట్టెల తాళాలు తీశారు. "తప్పు నాది. కవరు లోపల పెట్టు" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. ఎంతో ఇష్టంగా పెట్టించుకున్న తొక్కు సీసానే ముందు బయట పెట్టారు, ఆ వెనక బియ్యం, పిండి, సకినాలు, కుక్కరు. మమ్మల్ని దింపిన ఇస్నాపూర్ డ్రైవరు అదృష్టం కొద్దీ ఇంకా చాయ్ తాగుతున్నాడు. ఫోన్ చేస్తే గేటు దగ్గరికొచ్చి అంతా తీసుకుపోయాడు. తన పక్క గదుల్లో ఉండే ఫ్యాక్టరీ వాళ్లకు ఆ వారమంతా పండగేనని తర్వాత చెప్పాడు. పెట్టెలు మళ్లీ తూచారు. నాలుగోది కూడా ఇరవై మూడు దాటకపోయేసరికి బతికిపోయాం అనుకున్నాను.

అక్కడికి పోయాక చూస్తే బియ్యం, పెరుగు ప్రతి దుకాణంలో ఉన్నాయి. బస చేసిన చోట పొయ్యి, గిన్నెలు వాళ్లే పెట్టారు. పెరుగన్నంతో తిండి కవరులో సగం మిగిలింది. నేను మోసుకుపోయిన ఆరు పట్టుచీరల్లో అయిదు మడత కూడా విప్పలేదు. ఇవన్నీ పక్కింటావిడకు చెప్పాను, శ్రద్ధగా రాసుకుంది.

కొండ మీద జరిగింది మాత్రం చెప్పలేదు. అత్తమ్మ చేతి తొడుగు విప్పి గుప్పెడు మంచు తీసుకుని, "జెర ఉప్పు లెక్కనే ఉన్నది" అంది. మామయ్య దగ్గరికొచ్చి తన అరచెయ్యి చాపారు. అత్తమ్మ తన గుప్పెట్లోని మంచు సగం అందులో పోస్తూ, "తూకం ఎయ్యకుండ్రి, కరిగిపోతది" అని నవ్వింది.

ఇన్నేళ్లలో ఆ పెట్టెలు, ఆ కవర్లు, ఆ గాభరా అన్నీ సంచి బరువు కింద పోయాయి. కాలం మాకు సరుకుగా మిగిల్చింది ఆ ఇద్దరి చేతుల్లోని గుప్పెడు మంచే.