నడుముకు ఎర్ర తాడు

ఆర్మీ లారీ ఆగిన చోటు నుంచి పోస్టుకు నడక. ఎదురుగాలి. చుట్టూ మంచు కొండలు, ఒక్క చెట్టు లేదు. తొంభైల చివరి మాట. చల్లపల్లి దగ్గర మాగాణి గట్ల మీద పెరిగినవాణ్ణి. అంతకుముందు నేనెక్కిన ఎత్తల్లా కృష్ణ కరకట్టే.

బంకర్ తలుపు తీసినవాడు తెలుగులో పలకరించాడు. "రా బావా, మనది బందరు పక్కన గిలకలదిండి."

రేడియో ఆపరేటర్. కొత్తగా వచ్చేవాళ్ల వివరాలు ముందే రేడియోలో విన్నాడట. చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టాడు. ఆ రోజు నుంచి నాకూ అతను బావే.

గస్తీకి సంచి సర్దడం హవల్దార్ నేర్పాడు. అడుగున స్లీపింగ్ బ్యాగు. దానిమీద ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పొడి మేజోళ్లు. మధ్యలో కిరోసిన్ స్టవ్వు. పైన ఫస్ట్ ఎయిడ్ డబ్బా. తాడు, మంచుగొడ్డలి, మడత పార మాత్రం సంచి బయటే కట్టాలి.

"మనిషి మంచు కింద ఉంటే సంచి మూతి విప్పుకుంటూ కూర్చుంటారా?" అని హిందీలో గద్దించేవాడు.

చివరగా నడుముకు పొడవాటి ఎర్ర తాడు. మంచుపెళ్ల విరిగి మీద పడి మనిషి మునిగిపోయినా, తేలికైన ఆ తాడు పైకి కనబడుతుంది. నేను వేసిన ముడి విప్పేసి బావే మళ్లీ కట్టాడు.

"వలకి బెండ్లు కట్టినట్టే బావా. ఎక్కడ మునిగామో పైవాళ్లకి తెలియాలిగా."

మార్చిలో ఒక ఉదయం మంచు తెరిపిచ్చింది. అవతలి పోస్టుకు బ్యాటరీలు చేర్చమని ఆర్డరు. ఎండ పడి మంచు వదులవకముందే వాలు దాటాలి. ఒకరికొకరం ఎడంగా నడిచాం. నా ముందు బావ. రేడియోలో చెబుతున్నాడు: "వాలు మొదలైంది. అందరం క్షేమం. ఓవర్."

పైన ఏదో ఫెళ్లుమంది. తెల్లటి పొగ కమ్మేసింది. అది తగ్గేసరికి నా ముందు మనిషి లేడు.

ఎర్ర తాడు కనబడింది. పారలు వెంటనే చేతికొచ్చాయి. తాడు వెంబడే తవ్వుకుంటూ పోయాం. దొరికాడు. హవల్దార్ బావ నోట్లోంచి మంచు తీసి ఊపిరి ఊదాడు. మేం మార్చి మార్చి గుండె మీద నొక్కాం. ఎండ వాలు మీదికి వచ్చేసింది.

"ఇక చాలు," అన్నాడు హవల్దార్. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

బావ సంచిలో మేజోళ్లు పొడిగానే ఉన్నాయి. ఎవరం ఏదీ మర్చిపోలేదు.

బావ శవపేటికతో నన్ను పంపారు. బందరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వాళ్లన్న బోటు వేటకెళ్లి ఇంకా రాలేదు. వచ్చేదాకా ఉంచాలన్నారు పెద్దలు. హార్బర్ నుంచి ఐసు దిమ్మలు తెచ్చి, పగలగొట్టి, బావ చుట్టూ పేర్చారు. అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న వాళ్లమ్మ లేచొచ్చింది. ఐసు ముక్కల్ని తోసెయ్యడం మొదలుపెట్టింది.

"తియ్యండయ్యా! ఇంకా ఎంత చలి పెడతారు నా బిడ్డకి?"

పట్టుకోబోయారు. ఆగలేదు.

నేను మళ్లీ కొండెక్కి పోస్టులో నా గడువు ముగించాను. కొన్నేళ్లకు ఉద్యోగమూ ముగించి ఇంటికొచ్చాను. ఇప్పుడా కొండ రూపం కూడా సరిగ్గా గుర్తురాదు. ఆవిడ చేతులే కళ్లముందు నుంచి పోవు. చలికి ఎర్రగా కందిపోయి, ఆ మండుటెండలో, కొడుకు మీంచి ఐసు తోస్తూనే ఉంటాయి.